తాళంచెవుల గుత్తి

అమ్మ పురిటికి వెళ్ళినా, మంచాన పడినా మా మేనత్తకి ఉత్తరం వెళ్ళేది. వచ్చిన పూటే తాళంచెవుల గుత్తి బొడ్లో దోపుకుని, పాలవాడి లెక్క దగ్గర్నుంచి మా ఫీజుల దాకా అన్నీ చూసేది. పోపులపెట్టె మాత్రం ఉన్నచోటు నుంచి జరిపేది కాదు. "మళ్ళీ మీ అమ్మ వెతుక్కోవాలి కదే!" అనేది.

కంపెనీల్లోనూ అంతేనట. పెద్ద మేనేజరు హఠాత్తుగా వెళ్ళిపోతే, కొత్తవారు దొరికేదాకా అనుభవమున్న మనిషిని కొన్నాళ్ళకి పెట్టుకుంటారు. 2009 జనవరిలో హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని ఛైర్మనే ఒప్పుకున్నప్పుడు, ప్రభుత్వం పాత బోర్డుని తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కర్నిక్ వంటివారిని కూర్చోబెట్టింది. వాళ్ళు జీతాలకి డబ్బు సర్ది, ఖాతాదారులకి ధైర్యం చెప్పి, ఏప్రిల్లో కంపెనీని టెక్ మహీంద్రా చేతిలో పెట్టారు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే.

మరి మా అత్తయ్యకో? ఓ నేతచీర, బస్సు డబ్బులు. గుత్తి అమ్మ చేతికిచ్చి, సంచీ పట్టుకుని గుమ్మం దిగేది. ఇన్ని ఇళ్ళు నిలబెట్టిన మనిషికి తిరిగి వెళ్ళడానికి తనదంటూ ఓ ఇల్లుందా అని మాలో ఒక్కరమూ అడగలేదు.