వెంకటగిరి వీధిలో గంజి పడుగు

గూడూరు నుండి రేణిగుంట వెళ్లే రైలు మార్గంలో వస్తుంది వెంకటగిరి. వెలుగోటి ప్రభువుల ఆదరణలో వర్ధిల్లిన సన్నని నూలు నేతకు, జరీ అంచు చీరలకు ఈ ఊరు పేరెన్నిక గన్నది. చీరలు చూడవలెనని వెళ్లిన మేము, వృత్తిరీత్యా ఇంజనీర్లము కావడం చేత, చీరకు ముందు జరిగే ఒక పని వద్దనే ఎక్కువసేపు నిలిచిపోయాము.

ఉదయపు వేళ వీధి పొడవునా పడుగు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ సాగుతారు నేతకారులు. గంజి అంటే నీటిలో ఉడికిన పిండిపదార్థం. మన పరిభాషలో పాలిమర్ ద్రావణం. నీరు ఆవిరైపోగా దారం చుట్టూ పలుచని పొర మిగులుతుంది. నూగును అణచి, మగ్గంపై రాపిడికి దారం తెగకుండా కాపాడేది ఆ పొరే. మండుటెండలో అది కుంచె తిరిగేలోపే బిగుసుకుంటుంది. తేమగాలిలో ఎంతకూ ఆరక, దారాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకే లేత ఎండలో ఈ పని.

తేమ ప్రభావాన్ని లెక్క వేసి చూడవచ్చు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి సంతృప్త ఆవిరి పీడనం సుమారు 32 మి.మీ. పాదరసం. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 50 శాతమైతే, నీటిని ఆవిరిగా లాగే పీడన వ్యత్యాసం 16 మి.మీ.; 90 శాతమైతే 3 మి.మీ. మాత్రమే. తడి దారమూ గాలీ ఒకే వేడిమిలో ఉన్నాయనుకుంటే, ఆరే వేగం అయిదో వంతుకు పడిపోతుంది.

వింత ఏమనగా, గుంట మగ్గం వద్ద ఆ తేమయే మేలు చేస్తుంది. నేల చెమ్మను కొద్దిగా పీల్చుకొని గంజి పొర మెత్తబడుతుంది. పూర్తిగా ఎండిన పొర పెళుసై రాలిపోతుంది, దారం తెగుతుంది.

ఈ ప్రాంతానికి వానలు అధికంగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. "ముసురు పడితే గంజి ఆరదు సార్. గంజి ఆరకపోతే మగ్గం ఆడదు" అన్నారొక వృద్ధ నేతకారుడు. నేసిన బట్టకే కూలి గనుక, ఆడని మగ్గానికి కూలి లేదు.

ఆర్ద్రత 85 శాతం దాటితే మనమూ ఉక్కు కట్టడాలకు రంగు వేయడం ఆపుతాము. కాని ఆ రోజు మన జీతం ఆగదు. గాలి ఆడే పొడవైన కప్పు, నాలుగు పంకాలు, కొద్దిపాటి వేడిగాలి, తేమను కొలిచే ఒక సాధనం: ఇవేవీ మనకు కొత్త విద్యలు కావు. వెంకటగిరి వెళ్లే సోదర ఇంజనీర్లు చీరలతో పాటు ఈ వీధిని కూడా చూచి రావలెనని మా మనవి.