ఒంటి ఇంజను విమానం – మా బాబాయి

మాది దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. చిన్నప్పుడు నాకు విమానమంటే ఆకాశంలో ఒక తెల్లగీత. లేదా మా నాయనమ్మ చెప్పే 1986 వరద కథ. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75 అడుగులు దాటింది. "హెలికాప్టరు పొట్లాలు పడేసిందిరా, సగం బురదలోనే పడ్డయ్" అని చెప్పి నవ్వేది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా బాబాయిని కల్లంలో పాము కరిచింది. మొదట తీసుకెళ్లిన చోట మందు లేదన్నారు, పెద్దాసుపత్రికి రాశారు. జీపులో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. పాల్వంచ దాకా మాట్లాడాడు. కొత్తగూడెం వచ్చేసరికి మాట లేదు.

ఆ రాత్రి నుంచే నాకు విమానాల పిచ్చి పట్టింది కాబోలు. ఇంజనీరింగులో చేరాక నోట్సు అంచుల్లో రెక్కలు గీసేవాణ్ణి. టర్బోప్రాప్ అంటే మరేం లేదు మిత్రులారా! గాలిని పీల్చి, నొక్కి, కిరోసిన్ లాంటి ఇంధనంతో మండించి, ఆ వేడి వాయువుతో చక్రం తిప్పడం. పిలాటస్ పీసీ-12 విమానానికి పెట్టే పీటీ-6 ఇంజనులో లోపలి చక్రం నిమిషానికి సుమారు 30,000 చుట్లు తిరుగుతుంది. గేర్లు ఆ వేగాన్ని తగ్గించి ముందున్న పంకాకు 1,700 చుట్లే అందిస్తాయి.

ఆ విమానం తొలిసారి ఎగిరింది 1991 మే 31న. సరిగ్గా పాతికేళ్లకు, 2016 మే 31న, మన హెచ్.ఏ.ఎల్. వారి ఒంటి ఇంజను శిక్షణ విమానం హెచ్‌టీటీ-40 బెంగుళూరులో లేచింది. అమెరికాలో టెక్స్‌ట్రాన్ సంస్థ 2015లో ప్రకటించిన కొత్త ఒంటి ఇంజను బిజినెస్ విమానం డెనాలి నేల విడిచింది 2021 నవంబరు 23న. ఇన్నేళ్లా అని విసుక్కునేవాణ్ణి. 2009 మార్చి 6న మన సరస్ విమానం పరీక్షలో కూలి ముగ్గురు వైమానిక దళం వారు చనిపోయారని చదివాక ఆ విసుగు పోయింది. సరస్‌కు రెండు ఇంజన్లు. ఇక ఉన్నది ఒక్కటే అయితే, దాన్ని నమ్మే ముందు ఎన్ని పరీక్షలు పెట్టినా తక్కువే కదా!

"బిజినెస్ విమానం" అన్న మాట దగ్గరే నాకు చిక్కు. ఎవరి బిజినెస్? ఆస్ట్రేలియాలో ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు వారు అదే పీసీ-12లో మంచాలు వేసి, దూరపు పల్లెల రోగుల్ని మోసుకుపోతున్నారు. దాని శరీర భాగాలు హైదరాబాదు పక్కనే ఆదిభట్లలో, టాటా వారి కర్మాగారంలో తయారై స్విట్జర్లాండుకు వెళ్లాయి. అంటే మన చేతుల మీదుగా పోయిన రెక్క మన అడవి మీదికి రాలేదన్నమాట.

సెలవుల్లో ఇదంతా నాయనమ్మకు ఉత్సాహంగా చెప్పాను. అంతా విని అడిగింది:

"అది దిగాలంటే ఎంత నేల కావాలె?"

"కిలోమీటరు లోపే, నాయనమ్మా. గడ్డినేలైనా సరే."

"ఎవరి చేను తీసుకుంటరు?"

నేను మాట్లాడలేదు. ఆమే మళ్లీ అంది: "మీ బాబాయికి ఆనాడు కావాల్సింది విమానమా, సూదిమందా?"

నాలుగేళ్ల చదువులో ఏ మాస్టారూ నన్నంత సూటిగా ప్రశ్న అడగలేదు. సూది ముందు, రోడ్డు తరువాత, రెక్కలు ఆ తరువాత. వరస తెలియని ఇంజనీరు బొమ్మలే గీస్తాడు.

బొమ్మలు గీయడం మానలేదు లెండి. కాని మర్నాడు పొద్దున్నే మా దగ్గరి ఆసుపత్రికి వెళ్లి, పాముకాటు మందు ఉందా అని అడిగాను. నర్సమ్మ వింతగా చూసి అలమర తెరిచింది. నాలుగు సీసాలున్నాయి. లెక్కపెట్టుకుని వచ్చాను. ఇప్పుడు ఊరెళ్లినప్పుడల్లా లెక్కపెడుతున్నాను.