మా గ్లైడరు, దాని రేడియో

జంపని చుట్టుప్రక్కల కొండ యన్నది లేదు. కాలువల నడుమ నేల పీటవలె సమముగ నుండును. గ్లైడరు నెగురవేయువారు కొండవాలున కెగదన్ను గాలిని వెదకుదురని చదివి మేము తొలుత నిరాశ చెందితిమి. కాని వరికోతలు ముగిసి, మినుము కూడ పీకిన పిదప, ఎండకు కాగిన నల్లరేగడి చేల మీదనుండి వేడిగాలి సుడులుగా లేచును. రెక్క కదపక తిరుగాడు గ్రద్దలే యందుకు సాక్షులు. గ్రద్ద యెక్కడ తిరుగునో మా కొయ్యపిట్టయు నక్కడికే పోవును.

ఈ వ్యసనమునకు (ఇది మా గృహిణి పెట్టిన పేరు) మేము మొదట కొన్న ట్రాన్స్‌మిటరు మిక్కిలి చౌక సరకు. దాని పేరుతో చదువరులకు పనిలేదు. పెట్టెమీద చానెళ్ళ సంఖ్య పెద్ద యక్షరములతో నచ్చువేసి యుండెను; మేమును దానినే చూచి కొంటిమి. ఒకనాటి మధ్యాహ్నము గ్లైడరు చేను చివరకు పోయి, కఱ్ఱ నెటు త్రిప్పినను మాట వినదయ్యెను. సంకేతము తెగినపుడు దాని రిసీవరు చుక్కానులను కడపటి భంగిమలోనే బిగబట్టి యుంచునని మాకప్పటికి తెలియదు. కిలోన్నర బరువు గల యా వస్తువు వంకరగా దిగివచ్చి, ప్రక్కచేలో ఇంకను మినుము పీకుచున్న కూలి స్త్రీల నడుమ నేలను గ్రుచ్చుకొన్నది. ఒక ముసలమ్మకును దానికిని మూడు బారల యెడము. ఆమె లేచి కొంగు దులుపుకొని, "ఏం బాబూ, మీ పిట్టకు మనుషులు కనపడరా?" అని యడిగినది. మాకు నోట మాట రాలేదు.

పిదప విచారింపగా సగము తప్పు మాదేనని తేలినది. ఈనాటి రేడియోలు వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగము 12.5 సెంటీమీటర్ల పొడవు గలది. కార్బను నారతో చేసిన గొట్టము దాని నడ్డగించును. మేము రిసీవరు తీగను సరిగా నా గొట్టములోనే దాచి యుంటిమి!

చాలదినములు ఆ ప్రస్తావన మాయింట రాలేదు. మరల క్రొత్త రేడియో మాట యెత్తినపుడు మా గృహిణి, "చానెళ్ళెన్నో తరువాత చూతము. అది చేయిదాటి పోయినపుడేమి చేయునో ముందు చెప్పండి" అన్నది. అంగడివాండ్రెవరును మాకా ప్రశ్న నేర్పలేదు. ఈ గుణమునకు ఫెయిల్‌సేఫ్ అని పేరు. సంకేతము తెగిన మరుక్షణమే చుక్కానులు మనము ముందుగా నిర్ణయించిన భంగిమకు పోవలెను. గ్లైడరునకు మోటారున్నచో నాగవలెను, ఫ్లాపులు వ్రాలవలెను, తోకచుక్కాని కొంచెము ప్రక్కకు తిరుగవలెను. అప్పుడది వేడిగాలిలో చిక్కి యూరు దాటిపోక, చిన్న చుట్లు తిరుగుచు మెల్లగ దిగును. ఈ భంగిమను మన యిష్టము వచ్చినట్లు నిర్ణయింపనీయని రేడియోను, ఊరకే యిచ్చినను మేమిక పుచ్చుకొనము.

చానెళ్ళ లెక్క నిజమున కంత కష్టము కాదు. రెక్కల చివర రెండు, ఫ్లాపులకు రెండు, తోకకు రెండు, మోటారున్న నింకొకటి. ఏడు చాలును. కష్టమంతయు వానిని కలిపి నడుపుటలో నున్నది. దిగునపుడు ఫ్లాపులు క్రిందికి, రెక్కచివరలు పైకి లేచి, ముక్కు తేలిపోకుండ తోకయు కొంచెము సర్దుకొనవలెను. ఇవన్నియు నొక్క కఱ్ఱ కదలికతో జరుగవలెను. ఫ్యుటాబా, జెటి వంటి యంత్రములకీ విద్య బాగుగ తెలియును గాని మా సంపాదనకవి తూగవు. ఎడ్జ్‌టిఎక్స్ అను ఉచిత లిపితో నడచు రేడియోమాస్టరు యంత్రము నెంచుకొంటిమి. ఒక సంస్థ ట్రాన్స్‌మిటరు సాధారణముగ వేరొక సంస్థ రిసీవరుతో పలుకదు. కనుక ప్రతి గ్లైడరునకును కొనవలసిన రిసీవరు ధరను గూడ లెక్కించితిమి. ఎత్తును నోటితో చెప్పుట దీనియందలి మరియొక మేలు. 2021 నాటి డ్రోను నియమములు మావంటివారిని కంటిచూపు మేరలోనే యెగురవేయుమన్నవి. ఆకుపచ్చ మండలములో 400 అడుగులే హద్దు. వేడిగాలి కా హద్దు తెలియదు గదా!

అంగడిలో "అబ్బాయికాండీ?" అని యడిగిరి. మా అమ్మాయికని చెప్పగా, తేలికైన బొమ్మ యొకటి చూపబోయిరి. మాకు కావలసినది గురుశిష్యుల యేర్పాటు: రెండు ట్రాన్స్‌మిటర్లు కలిసి పనిచేయును, గురువు మీట వదలిన క్షణమున అధికారము మరల నతనిదే. కఱ్ఱల యమరికలో, ముక్కెత్తు కఱ్ఱ కుడిచేతనా యెడమచేతనా యను వాదమును, మాకు నేర్పు తెనాలి మిత్రుని యలవాటుకే విడిచితిమి. వేరు పద్ధతి పట్టినచో ఆపదలో నతని చేయి మాకు సాయపడదు.

క్రొత్త యంత్రము వచ్చిన యుదయము గ్లైడరు నెగురవేయలేదు. గట్టుమీద దాని నుంచి, శక్తి తగ్గించిన ట్రాన్స్‌మిటరుతో అమ్మాయి ముప్పదియడుగులు వెనుకకు నడచినది. చుక్కానులన్నియు పలికినవి. తరువాత మేము ట్రాన్స్‌మిటరును పూర్తిగ ఆర్పివేయుమంటిమి. ఆమె మా మొగమువంక నొకసారి చూచి మీట నొక్కినది. ఫ్లాపులు రెండును మెల్లగ క్రిందికి వ్రాలినవి.