గడి పొడుగైంది, ఇంటిపేరు కదల్లేదు

డల్లాస్ శివారు ఫ్రిస్కోలో ఉండే ఒక తెలుగు ఇంజనీరుకి ఆఫీసులో ఈమధ్య పడిన పని: పాత కోడులో మిగిలిపోయిన 'మాస్టర్', 'స్లేవ్', 'బ్లాక్‌లిస్ట్' మాటలన్నీ ఏరి పారెయ్యడం. పేర్లు మారిస్తే బగ్గులు పోతాయా అని మొదట్లో విసుక్కున్నాడు. కానీ ఆయన ఉంటున్నది టెక్సస్. గాల్వెస్టన్ రేవులో బానిసల విముక్తి ఉత్తర్వు చదివిన జూన్ 19న ఇప్పుడు సెలవు. ఆ సెలవు మర్నాడే 'స్లేవ్ సర్వర్ చచ్చింది, లేపండి' అని మెయిల్ కొట్టడం ఎబ్బెట్టే కదా!

పైగా పెద్దవాళ్ళంతా ఎప్పుడో మారారు. వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో 2014లోనే వాటి బదులు 'ప్రైమరీ', 'రెప్లికా' అంది. 2020లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్లో కొత్త మాటల నియమం చేర్చాడు, ఆ అక్టోబర్ నుంచి గిట్‌హబ్‌లో కొత్త రిపోజిటరీలన్నిటికీ 'మాస్టర్' బ్రాంచి బదులు 'మెయిన్' వచ్చింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 8.4లో 'షో స్లేవ్ స్టేటస్' కొడితే ఎర్రరే. చెబితే వినే జనం వీళ్ళు, ఆ మాట ఒప్పుకోవాలి.

మరి ఇంటిపేరు గోడు ఎందుకు వినరు?

అదే జాంగోలో యూజర్ మోడల్ తెరిస్తే ఇవాళ్టికీ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. లాస్ట్ నేమ్ గడిని 2017లో 30 అక్షరాల నుంచి 150కి పెంచారు, 2020లో ఫస్ట్ నేమ్‌నీ అంతే చేశారు. మనకేమో ఇంటిపేరే ముందు. పాములపర్తి వెంకట నరసింహారావు ప్రధాని అయితే అమెరికా పత్రికలకి ఆయన 'మిస్టర్ రావు'! ఈ ఇంజనీరు పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. దాంతో వీసా మీద ఉన్న పేరంతా సర్‌నేమ్‌లోకి జరిగి, పేరుండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' పడింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. మందుల షాపులో అమ్మాయి 'మిస్టర్ ఫ్నూ' అని నోరారా పిలుస్తుంది. అమ్మానాన్నలు బారసాల చేసి మరీ పెట్టిన పేరు అన్‌నోనట!

మన ఆధార్‌లో పేరుకి ఒకటే గడి, ఆ మాత్రం తెలివి వీళ్ళకి లేదేం అని టీములో వాదించాడు. తర్వాత పాన్ ఫారం గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. అందులోనూ లాస్ట్, ఫస్ట్, మిడిల్ అని మూడు గళ్ళు.

తెనాలిలో ఆయన చదివిన బడిలో ఈ బెడద లేదు. క్లాసులో శ్రీనివాసరావులు ముగ్గురు. మేష్టారు హాజరు పట్టీ తీసి వరసగా ఇంటిపేర్లే పిలిచేవారు. మూడోవాడు పలక్కపోతే వాళ్ళ నాన్న పేరు కూడా కలిపి పిలిచేవారు.

పేరంతా ఒకే గడిలో అడగొచ్చని వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ ఏనాడో సలహా ఇచ్చింది. ఆ ముక్క జతచేసి ఆయన ఆఫీసులో టికెట్ పెట్టాడు. 'మెయిన్' టికెట్ వారంలో అయిపోయింది. ఇది బ్యాక్‌లాగ్‌లో ఉంది.