వెల్డింగ్ పెట్టకూడని చోటు

1990ల చివర్లో మా ఇల్లు గడిచింది ఒక మహీంద్రా పికప్ మీద. ముందు జీపు మూతి, వెనక తొట్టి, లోపల ప్యూజో డిజైన్ డీజిల్ ఇంజిన్. గజ్వేల్ చుట్టుపక్కల ఊళ్ళలో టమాటా, వంకాయ, బెండకాయ ఎక్కించుకుని తెల్లారేలోగా బోయిన్‌పల్లి మార్కెట్‌కు చేర్చాలి. బండి నడిపేది నాన్న, బస్తాలు ఎత్తేది నేను.

ఒక ఏడాది వానలకు రోడ్డు పాడైంది. శామీర్‌పేట దాటి తూంకుంట దగ్గరికి వచ్చేసరికి ఎడమ చక్రం గుంతలో పడిందా, ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలయ్యేది. స్టీరింగ్ నాన్న చేతుల్ని విదిలించేసేది. మెల్లగా బ్రేకు తొక్కి బండిని దాదాపు ఆపేస్తే గానీ ఆ ఊపు తగ్గేది కాదు. ఎదురుగా కరీంనగర్ బస్సు వస్తున్నప్పుడు అలా జరిగితే ఎలా ఉంటుందో, పక్కన కూర్చున్నవాడికే తెలుసు.

ఎవరికి చూపించినా ముందు భాగానికి బలం చాలట్లేదన్నారు. ఒక షెడ్డులో ముందు కమాన్లకు ఒక్కో పట్టీ ఎక్కువ వేశారు. ఇంకో చోట, స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే డ్రాగ్ లింకు వంగితే దాన్ని ఎర్రగా కాల్చి సాపు చేసి, దాని పొడుగునా ఒక కడ్డీ ఆనించి వెల్డింగ్ కొట్టారు. చూడటానికి గట్టిగానే ఉండేది. వణుకు మాత్రం ఇంకా పెరిగింది.

చివరికి మార్కెట్లో ఒక లారీ డ్రైవరు రాణీగంజ్ పేరు చెప్పాడు. ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో బండికి ఏ సామాను కావాలన్నా రాణీగంజే. బేరింగులకో దుకాణం, గాస్కెట్లకో దుకాణం, వెనక సందుల్లో లేత్ పనివాళ్ళు. అలాంటి ఒక సందు చివర ఉండేది, ఉస్తాద్ అని పిలిచే మెకానిక్ షెడ్డు. తిరుమలగిరి ఈఎంఈలో చాలా ఏళ్ళు మిలిటరీ బళ్ళు బాగుచేసి రిటైరైన మనిషి. సాధారణంగా మెకానిక్ ముందు బానెట్ ఎత్తుతాడు. ఆయన నాన్నను సీట్లో కూర్చోబెట్టి, తాను బండి కింద పడుకున్నాడు.

"తమ్మీ, స్టీరింగ్ గింత అటు, గింత ఇటు తిప్పు. జోరుగ తిప్పకు."

నాన్న తిప్పుతుంటే ఆయన ఒక్కో జాయింటు మీద వేలు ఆనించి చూశాడు. రెండు ముక్కలు కలిసి కదిలితే సరే. ఒకటి కదిలాక కొంచెం ఆగి రెండోది కదిలితే, అక్కడ ప్లే ఉన్నట్టు. రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ ఎండ్లు రెండూ అలాగే దొరికాయి. తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్కు టక్కుమంది. నన్ను పిలిచి బ్రేకు తొక్కి పట్టమన్నాడు. మళ్ళీ ఊపితే అదే చప్పుడు.

"చూసినవా బేటా, బ్రేకు తొక్కినంక చప్పుడు పోతే వీల్ బేరింగు. పోకపోతే కింగ్‌పిన్."

కింగ్‌పిన్ అంటే మలుపులో చక్రం తిరిగే కీలు పిన్ను. ఇన్ని షెడ్లు తిరిగినా ఈ పరీక్ష ఎవరూ చేయలేదు. ఖర్చు లేని పని, రెండు నిమిషాల పని.

మిగిలింది ఛాసిస్. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట ఏళ్ళనాటి గ్రీజు, మట్టి పేరుకుని ఉన్నాయి. దాన్నంతా గీకి, కిరోసిన్‌తో తడిపి, గుడ్డతో పొడిగా తుడిచి, పైన సుద్దపొడి రుద్దాడు. కాసేపటికి తెల్లటి సుద్దలో బోల్టు రంధ్రం నుంచి కిందికి ఒక సన్నని తడి గీత తేలింది. పగుల్లోకి దిగిన కిరోసిన్ బయటికి ఊరుతోంది. మలుపు తిప్పినప్పుడల్లా బాక్సే కదిలిపోతుంటే చక్రానికి చెప్పేదెవరు?

నాన్న అడిగాడు. "బలం తక్కువైందా ఉస్తాద్?"

"ఇనుము మస్తుగున్నది తమ్మీ. ప్లే ఎక్కువైంది."

మొదట ఆ అదనపు పట్టీలు ఊడదీశాడు. పట్టీ ఎక్కువైతే ముందు భాగం ఎత్తుకు లేస్తుంది, డ్రాగ్ లింకు ఏటవాలు అవుతుంది. గుంతలో చక్రం పైకి లేచినప్పుడు ఇరుసు ఒక దారిన, డ్రాగ్ లింకు కొస ఇంకో దారిన పోతాయి. చెయ్యి కదపకపోయినా చక్రం తిరుగుతుంది. గుంత గుంతకూ మాకు జరిగిందదే. బలం కోసం వేసిన పట్టీయే చక్రాన్ని లాగింది.

కింగ్‌పిన్లు కొట్టి తీయడానికి ఒక పూట పట్టింది. కొత్త గన్‌మెటల్ బుష్‌లు దిగ్గొట్టాక, పొడుగాటి రీమర్‌తో పై బుష్, కింది బుష్ ఒకే వరుసలో కోశాడు. విడివిడిగా కోస్తే పిన్ను ఓరగా పడుతుందన్నాడు. నూనె రాసిన పిన్ను బొటనవేలితో నొక్కితే దిగాలి, వదిలితే జారిపడకూడదు. అంతవరకూ కోస్తూ, తుడుస్తూ, పెట్టి చూస్తూనే ఉన్నాడు. కింద థ్రస్ట్ బేరింగు వేసి, పైకీ కిందికీ ప్లే లేకుండా షిమ్ముతో సరిచేశాడు.

పగులు సంగతి మర్నాడు. దాని కొసన చిన్న రంధ్రం వేశాడు, ఇక ముందుకు పాకకుండా. పగులును గాడిలా తీసి వెల్డింగ్ నింపి, పైన కొసలు సన్నగా కోసిన ప్లేటు వేశాడు. ఛాసిస్‌కు అడ్డంగా నిలువు వెల్డు గీత పడితే ఛాసిస్ సరిగ్గా ఆ గీత మీదే మళ్ళీ విరుగుతుందట. ఛాసిస్ రెండు గోడల మధ్య పైపు ముక్కలు పెట్టి బోల్టులు వాటిలోంచి దూర్చాడు. ఎంత బిగించినా గోడలు లోపలికి నొక్కుకోవు. ఆ బండికి నిజంగా బలం పెంచిన పని ఇది.

నాన్నకు ఒక సందేహం వచ్చింది. ఇక్కడ వెల్డింగ్ పెట్టినప్పుడు డ్రాగ్ లింకుకు ఎందుకు వద్దు? దాన్నే వేసుకుంటే కొత్తదాని ఖర్చు తప్పుతుంది కదా. ఉస్తాద్ గొంతు పెరిగింది. ఛాసిస్ పగిలితే చప్పుడు చేస్తుంది, సాగుతుంది, ఒక మాట చెప్పి పోతుంది. వెల్డింగ్ వేడికి గట్టిపడిన లింకు ఒక్క దెబ్బకు పుటుక్కున విరుగుతుంది, ఆ తర్వాత స్టీరింగ్‌కూ చక్రానికీ సంబంధం ఉండదు. నాన్న ఇంకేమీ అనలేదు. ఉస్తాద్ ఆ పాత లింకును మా కళ్ళ ముందే రంపంతో మూడు ముక్కలు కోశాడు. పాత ఇనుము కొనేవాడు తీసుకుపోయి మళ్ళీ ఎవరికో అమ్ముతాడేమోనని ఆయన భయం.

చక్రాన్ని మోసే నకిల్ మీది ఆర్ములను కూడా కొలిచి చూశాడు, ఎవరైనా కాల్చి వంచారేమోనని. వాటి వంపు వెనక ఉన్న లెక్క నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మలుపులో లోపలి చక్రం బయటి దానికంటే ఎక్కువ తిరగాలి. ఈ ఏర్పాటు కనిపెట్టింది మ్యూనిక్‌లో గుర్రపు బళ్ళు చేసే లాంకెన్‌స్పెర్గర్. 1818లో లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నది ఆకర్‌మన్. మోటారు బండి ఇంకా పుట్టని రోజులవి.

టో ఇన్, అంటే ముందు చక్రాలు కాస్త లోపలికి తిరిగి ఉండే తేడా, కొలవడానికి యంత్రమేమీ లేదు. టైరు తిప్పుతూ సుద్దతో మధ్యన గీత గీశాడు. రెండు గీతల మధ్య దూరం ముందువైపు కొలిచి, బండిని అర చుట్టు నెట్టి, అవే గీతలు వెనక్కి వచ్చాక మళ్ళీ కొలిచాడు. ముందు దూరం వెనకదానికంటే రెండు మిల్లీమీటర్లు తగ్గేదాకా టై రాడ్డు తిప్పి బిగించాడు. స్ప్లిట్ పిన్నులన్నీ కొత్తవే. వాడిన పిన్నును సాపు చేసి మళ్ళీ పెట్టబోయిన కుర్రాడికి గట్టిగా చీవాట్లు పడ్డాయి.

ఆ రాత్రే లోడు వేసుకొచ్చాం. తూంకుంట గుంతలో చక్రం దబ్బున పడింది, లేచింది, బండి తన దారిన తాను పోయింది. నాన్న వేగం తగ్గించలేదు.

వారం నడిపాక మళ్ళీ తీసుకురమ్మని ఉస్తాద్ ముందే చెప్పాడు. తీసుకెళ్ళాం. కమాన్ల యూ బోల్టులు పానాకు ఇంకో పావు చుట్టు దిగాయి. కొత్త పట్టు కుదురుకునేటప్పుడు అంత వదులవడం మామూలేనట. మళ్ళీ కింద పడుకుని ప్రతి జాయింటు మీదా వేలు పెట్టి చూశాడు. ఈసారి స్టీరింగ్ తిప్పమని నన్ను కూర్చోబెట్టాడు.