నేను చూసిన అమితాబ్ బచ్చన్

పోయిన దీపావళి సెలవుల్లో నేను, మా తాత ముంబయి వెళ్లి అమితాబ్ బచ్చన్‌ను చూసి వచ్చామని మా తరగతిలో అందరికీ తెలుసు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపాడని కూడా తెలుసు. బాలసభలో నేనే చెప్పాను. ఆ రోజు జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

సోలాపూర్ నుంచి ముంబయి సుమారు 450 కిలోమీటర్లు. రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దాదర్‌లో దిగవచ్చు. నాయినమ్మ జొన్నరొట్టెలు, శేంగా చట్నీ కట్టి ఇచ్చింది. దాదర్‌కు మా చిన్నాయిన వచ్చాడు. ఆయన వర్లీలో ఉంటాడు, టైలర్ పని. ఆదివారం ఒక్కటే ఆయనకు సెలవు. అమితాబ్ జనానికి కనబడేదీ ఆదివారం సాయంత్రమే కాబట్టి అన్నీ కలిసొచ్చాయని నేను సంబరపడ్డాను.

నాకు అమితాబ్ అంటే 'కల్కి 2898 ఏడీ'లో అశ్వత్థామ. 2024లో ఆ సినిమా వచ్చినప్పుడు రెండుసార్లు చూశాను. తాతకు మాత్రం ఆయన 'కూలీ'. ఈ కథ రైల్లో సగం రాత్రి దాకా చెప్పాడు. తాత చిన్న వయసులోనే సోలాపూర్ వదిలి ముంబయి పోయి బట్టల గిరణిలో సాంచాల మీద పనిచేశాడు. 1982 జనవరిలో గిరణి కార్మికులంతా సమ్మెకు దిగారు. రెండున్నర లక్షల మందిలో మా తాత ఒకడు. అదే ఏడాది జులైలో, బెంగళూరులో 'కూలీ' షూటింగ్ జరుగుతుంటే అమితాబ్‌కు కడుపులో దెబ్బ తగిలింది. ముంబయిలోని బ్రీచ్ కాండీ ఆసుపత్రికి తెచ్చారు. తాతకు పని లేదు, జేబులో పైసలు లేవు. దోస్తులతో కలిసి వర్లీ నుంచి హాజీ అలీ మీదుగా నడుచుకుంటూ పోయి ఆసుపత్రి బయట జనంలో నిలబడేవాడట. ఒక్కరోజు కాదు, చానా రోజులు.

"లోపలికి ఎవ్వన్నీ పోనియ్యరు కదా, ఎందుకు తాతా?" అని అడిగాను.

"ఏమో బిడ్డా. ఇంట్ల కూసుంటె మనసున పట్టకపోయేది" అన్నాడు. కొంచెం సేపటికి, "ఆయన బతికిండు. గిరణి బతకలే" అన్నాడు. సమ్మె సాగి సాగి, తాత తిరిగి సోలాపూర్ వచ్చి చద్దర్లు నేసే కార్ఖానాలో చేరాడు. ఆ తరువాత పెళ్లిళ్లకు ముంబయి వెళ్లినా గిరణి వైపు మాత్రం పోలేదట.

అందుకే ఆ ఆదివారం పొద్దున, "ముందుగల గిరణి జూసొద్దాం" అన్నాడు. నాకు కోపం వచ్చింది కానీ అనలేదు. తీరా వెళితే అక్కడ గిరణి లేదు. అన్నీ అద్దాల బిల్డింగులు. వాటి మధ్య ఎర్ర ఇటుకల చిమ్నీ ఒక్కటి మిగిలి ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్‌తో తాత, "నేను ఇక్కడ పనిచేసిన" అని మరాఠీలో చెప్పాడు. ఆ అబ్బాయికి మరాఠీ రాదు. "ఏం పని మీద వచ్చారు?" అని హిందీలో అడిగాడు. తాత ఏమీ లేదన్నట్టు తల ఊపి, రోడ్డుకు ఇవతల నిలబడి చిమ్నీని చూస్తూ ఉండిపోయాడు. నేను ఊరికే టైం అడుగుతూ ఉన్నాను. ఒకసారి చెయ్యి పట్టి గుంజాను కూడా.

మధ్యాహ్నం దాదర్‌లో లోకల్ ఎక్కి విలే పార్లేలో దిగి జుహూ వెళ్లాం. అమితాబ్ ఇంటి పేరు 'జల్సా'. మేం వెళ్లేసరికే గేటు ముందు వందల మంది. బీహార్ నుంచి, కలకత్తా నుంచి వచ్చినవాళ్లున్నారు. ఒకాయన అమితాబ్ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని, అమితాబ్ లాగే గడ్డం పెంచుకున్నాడు. జనం అతనితోనే ఫోటోలు దిగుతున్నారు. పోలీసులు తాళ్లు కట్టి వెనక్కి నెడుతున్నారు. తాత ఎలాగో సందు చేసి నన్ను ముందుకు తోశాడు. చిన్నాయిన ఎటు పోయాడో తెలియలేదు.

గేటు తెరుచుకుంది. ఒక్కసారిగా అరుపు! అందరి చేతులూ లేచాయి, ప్రతి చేతిలో ఒక ఫోన్. నాకేమీ కనబడలేదు. తాత వెనక నుంచి నా నడుము పట్టుకుని ఎత్తబోయాడు. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి, నలభై కిలోలు ఉంటాను. ఒక జానెడు లేపి, "అబ్బా" అని దింపేశాడు. ఆ జానెడులో నాకు తెల్లటి చొక్కా చెయ్యి ఒకటి గాలిలో ఊగుతూ కనిపించింది. ఆ తరువాత నా ముందున్న అన్న ఫోన్‌లో, గోరంత అమితాబ్ దండం పెడుతూ కనిపించాడు. ఇంట్లో టీవీలోనే ఇంతకంటే పెద్దగా కనబడతాడు. కొద్దిసేపటికే గేటు మూసేశారు.

ఆ చెయ్యి ఎవరిదో కూడా నాకు గట్టిగా తెలియదు.

సెలవులయ్యాక బడికి వస్తే అందరూ చుట్టూ చేరారు. "చూసినవా?" అంటే "చూసిన" అన్నాను. "ఎంత దగ్గర?" అన్నారు. అక్కడ నోరు జారింది. చెయ్యి కలిపాడన్నాను. ఫోటో ఏదంటే చిన్నాయిన ఫోన్ నీళ్లలో పడిందన్నాను. శనివారం బాలసభలో మాట్లాడమని మా తెలుగు టీచర్ అన్నప్పుడు ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. చప్పట్లు బాగా పడ్డాయి. ఇంకో మాట కూడా కలిపాను, నా పేరు అడిగాడని.

రెండు వారాలకు మా దోస్తు నోట్‌బుక్ కోసం ఇంటికి వచ్చాడు. తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాడు ఊరుకోక, "తాతా, అమితాబ్ వీనికి చెయ్యి కలిపినప్పుడు మీరు పక్కనే ఉన్నరా?" అని అడిగాడు.

నా గుండె ఆగినంత పనయింది. తాత నా వైపు చూశాడు.

"నాకేం కనబళ్లే బిడ్డా. నేను ఎన్కనుంటిని. నాకు వీని ఈపే కనబడ్డది" అన్నాడు.

దోస్తు నోట్‌బుక్ తీసుకుని వెళ్లిపోయాడు. తాత నన్ను ఏమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, తరువాతా అనలేదు. 1982లో ఆసుపత్రి గేటు బయట, ఇప్పుడు ఇంటి గేటు బయట నిలబడి కూడా తాత అమితాబ్‌ను చూడలేదని నాకు ఆ రోజే తెలిసింది. తిరుగు రైల్లో "మంచిగ జూసినవా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. నువ్వు చూశావా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ వ్యాసం ముందుగా తాతకే చదివి వినిపించాను. చివరిదాకా విని, "చిమ్నీ సంగతి ఇంకింత రాయకపోతివా" అన్నాడు. దాన్ని అప్పుడు నేను సరిగ్గా చూడలేదు కదా, ఏం రాయను? తాతను అడిగాను. చెబుతానన్నాడు. ఇప్పుడు టీ తాగుతున్నాడు.