ఏడుపులో ఉన్న మాటలు

ఆడవాళ్ళ ఏడుపు గురించి మన భాషలో సామెతలకీ, ఎత్తిపొడుపులకీ కొదవ లేదు. ఏడ్చే మగాణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదంటారు. అంటే ఆడది ఏడుస్తూనే ఉండాలన్నమాట. తీరా ఏడిస్తే 'ఏడ్చి సాధించుకుంది' అంటారు, 'దొంగ ఏడుపు' అంటారు. చావింటి దగ్గర పల్లె స్త్రీలు రాగాలు తీసి ఏడ్చే పాటల మీద పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఎక్కడ ఏడుపు వినబడినా నా చెవి అటే పోతుంది.

2025 అక్టోబర్ 26 నుంచి నవంబర్ 2 దాకా, ఆదివారం నుంచి ఆదివారానికి, సత్తెనపల్లిలో మా అమ్మ దగ్గరున్నాను. తుఫాను, వానలు. బయటికి పోయే వీలు లేక సగం వారం టీవీ ముందే గడిచింది. ఆ ఎనిమిది రోజుల్లో తెర మీద కనిపించిన ఆడవాళ్ళలో నవ్వినవాళ్ళకంటే ఏడ్చినవాళ్ళే ఎక్కువ. పొలంలో, గుడి మెట్ల దగ్గర, ఎన్నికల సభలో, యుద్ధభూమిలో, క్రికెట్ మైదానంలో కూడా. అందరివీ కన్నీళ్ళే అయినా అందరికీ ఒకే విలువ లేదు. ఆ తేడా ఎక్కడుందన్నదే ఆ వారమంతా నా బుర్రలో తిరిగింది.

రాగాలు తీసే ఏడుపుని బయటినుంచి వినేవాళ్ళకి అదొక దుఃఖధ్వని మాత్రమే. దగ్గర కూచుని వింటే అందులో లెక్కలుంటాయి. పెళ్ళప్పుడు ఇస్తామని ఇవ్వని పొలం, వైద్యానికి అప్పడిగితే మొహం చాటేసిన మరిది, తాగి కొట్టిన రోజులు, ఒంటిచేత్తో పెంచిన పిల్లలు అన్నీ వరసగా వస్తాయి. మామూలు రోజుల్లో ఆ మాటలంటే ఎవరూ ఊరుకోరు. ఎదురుగా శవం ఉన్నప్పుడు ఆమె నోరు మూయించే ధైర్యం ఎవరికీ ఉండదు. కాబట్టి అన్నీ అప్పుడే అనేస్తుంది. ఇది పల్లెపాటల్లోనే ఉన్న విషయం కాదు. తిక్కన తెలుగు చేసిన స్త్రీపర్వంలో యుద్ధం ముగిశాక గాంధారి చేసిందీ ఇదే. చచ్చిపడిన కొడుకుల్నీ, వాళ్ళ మీద పడి ఏడుస్తున్న కోడళ్ళనీ కృష్ణుడికి చూపిస్తూ పోయి చివరికి అతన్నే నిలదీస్తుంది. ఆపగలిగీ ఎందుకు ఆపలేదని అడుగుతుంది, శపిస్తుంది. ఏడుపుగా మొదలైంది విచారణగా ముగుస్తుంది.

టీవీ చేసే పని సరిగ్గా దీనికి తలకిందులు. కన్నీళ్ళు ఉంచుతుంది, మాటలు తీసేస్తుంది.

మొంథా తుఫాను 28 మంగళవారం రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. తీరం మాకు దూరమే అయినా వాన మాత్రం మా పల్నాడునీ వదల్లేదు. పత్తి పగిలి తీతకొచ్చిన సమయం. తడిసిన పత్తి రంగు మారుతుంది, కాయలోనే గింజ మొలకెత్తుతుంది. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. ఆ ధర పూర్తిగా రావాలంటే తేమ ఎనిమిది శాతం దాటకూడదు. పన్నెండు దాటితే సీసీఐ అసలు కొననే కొనదు. వాన వెలిశాక ఒక చానల్‌లో మా చుట్టుపక్కల పొలమొకటి చూపించారు. నల్లబడిన పత్తిని దోసిట్లో పట్టుకుని ఒకామె ఏడుస్తోంది. ఏడుస్తూనే ఏదో చెబుతోంది, చేత్తో గట్టువైపు చూపిస్తోంది. ఆమె గొంతు తగ్గించేసి దాని మీద విషాద సంగీతం వేశారు. కింద 'రైతన్న కంట కన్నీరు' అని అక్షరాలు పరిగెత్తాయి. తర్వాత మైకు పక్కనున్న మగాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన మాత్రం పూర్తిగా వినిపించాడు.

'రైతన్న' అన్న మాట అందరి నోళ్ళలో నలుగుతుంది కానీ 'రైతక్క' అన్న మాట ఎప్పుడైనా విన్నామా? మా వీధిలో ఉండే ఒక పిన్నిది నలభై ఏళ్ళ పత్తి చేల అనుభవం. టీవీలో ఆమె ఏం చెప్తోందంటావు పిన్నీ అని అడిగాను. "ఏం చెప్తదమ్మా, కౌలుకి చేసినాం, కాగితం లేదంటది. ఇంకేం చెప్తది" అంది. పిన్ని ఊహించి చెప్పింది నిజం కావడానికే అవకాశమెక్కువ. నష్టపరిహారానికి ఈ-క్రాప్‌లో పేరుండాలి. కౌలు చేసేవాళ్ళకి సాగుదారు హక్కు పత్రం కావాలంటే, 2019లో వచ్చిన చట్టం ప్రకారం భూమి యజమాని ఒప్పుకోవాలి. ఎక్కువమంది ఒప్పుకోరు. ఒప్పుకున్నచోట కూడా ఆ కాగితం మీదికి ఎక్కేది సాధారణంగా మొగుడి పేరే. ఇక కిలో లెక్కన తీతకి వెళ్ళే కూలీల సంగతి ఏ నష్టాల జాబితాలోనూ ఉండదు. "పంట పోతే రైతుకి పోయిందంటారు, మా కూలి పోయిందని ఎవరంటారు" అంది పిన్ని. ఆ మాట అన్నప్పుడు పిన్ని ఏడవలేదు. అందుకే ఏ కెమెరాకీ ఆమె పనికిరాదు.

అదే వారంలో ప్రపంచంలో ఏం జరిగిందో మా తెలుగు చానళ్ళలో దాదాపు కనిపించలేదు. 26న సూడాన్‌లో ఎల్ ఫాషర్ నగరం ఆర్‌ఎస్‌ఎఫ్ సైన్యం చేతిలోకి పోయింది. ఏడాదిన్నర ముట్టడి తర్వాత అది జరిగింది. అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో రోగులూ, వాళ్ళకి తోడున్నవాళ్ళూ కలిసి 460 మందికి పైగా హతమైనట్టు వార్తలొచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒక కాన్పుల ఆసుపత్రిలో! గాజాలో అక్టోబర్ 10న కాల్పుల విరమణ మొదలైందన్నారు కదా, 28 రాత్రి మళ్ళీ బాంబులు పడ్డాయి. తెల్లారేసరికి నూరుమందికి పైగా చనిపోయారని, అందులో 46 మంది పిల్లలని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది. బిడ్డని గుడ్డలో చుట్టి పట్టుకున్న తల్లి బొమ్మ ఒకటి రెండు సెకన్లు తెరమీద మెరిసి పోయింది. ఆమె కూడా ఏదో చెబుతోంది. అనువాదం చేసే ఓపిక ఎవరికీ లేదు. గాంధారి మాటలు తెలుగు చెయ్యడానికి పదమూడో శతాబ్దంలో మనకొక తిక్కన ఉన్నాడు. ఈ తల్లి మాటలు తెలుగు చేసేవాళ్ళు ఇరవైనాలుగు గంటల చానళ్ళన్నిట్లో ఒక్కరూ లేరు.

శనివారం కార్తీక ఏకాదశి. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర తొక్కిసలాట జరిగి తొమ్మిదిమంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. సాయంత్రానికి చర్చలు మొదలయ్యాయి. అది ప్రైవేటు గుడా, దేవాదాయ శాఖ గుడా, అనుమతి ఉందా లేదా, తప్పు ఏ ప్రభుత్వానిది? పార్టీల మగవాళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే చుట్టూ చిన్న డబ్బాల్లో ఏడుస్తున్న ఆడవాళ్ళ బొమ్మలు మళ్ళీ మళ్ళీ తిరిగాయి, గొంతు లేకుండా. ఉపవాసాలుండి, పొద్దున్నే తలస్నానం చేసి, పసుపు కుంకుమల బుట్టలు పట్టుకుని వెళ్ళిన స్త్రీలు. ఇంట్లో మొగుడూ పిల్లలూ చల్లగా ఉండాలని దండం పెట్టుకోడానికి వెళ్ళినవాళ్ళకి, లోపలికీ బయటికీ వేరువేరు దారులుండాలని ఎవరికీ ఎందుకు తోచలేదని అడగడానికి ఆ బంధువుల్లో ఒక్కరికైనా మైకు ఇచ్చి ఉండాల్సింది.

హైదరాబాద్‌లో అప్పుడు జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ప్రచారం నడుస్తోంది. చనిపోయిన ఎమ్మెల్యే భార్య మాగంటి సునీత అభ్యర్థి. అంతకు కొద్దిరోజుల ముందు ఆమె సభలో భర్తని తలుచుకుని కంటతడి పెడితే అది ఓట్ల కోసం ఏడుపని ప్రత్యర్థులు విమర్శించారు. ఆమె పార్టీ రాజకీయాలతో నాకు పేచీ లేకపోలేదు. కానీ భర్త పోయి ఐదు నెలలు కూడా కాని స్త్రీ కన్నీళ్ళకి నిజమా నటనా అని పరీక్ష పెట్టే హక్కు ఎవరిచ్చారు? ఇంకో సంగతి కూడా ఉంది. వారసత్వ టిక్కెట్టు ఇచ్చిన పార్టీ కూడా ఆమె దగ్గర ఆశించింది ఆ కన్నీళ్ళేనేమో! మురికికాలవల గురించి, రేషన్ గురించి ఆమె ఏమన్నారో ఎవరికైనా గుర్తుందా?

ఇంతమందిలో ఒకమ్మాయి ఏడుపు మాత్రం పూర్తిగా వినబడింది. గురువారం రాత్రి ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 పరుగులు చేస్తే, జెమీమా రోడ్రిగ్స్ 127తో నాటౌట్‌గా నిలిచి గెలిపించింది. స్త్రీల వన్డేల్లో అప్పటిదాకా అంత పెద్ద లక్ష్యాన్ని ఎవరూ ఛేదించలేదు. గెలిచి వెక్కివెక్కి ఏడ్చింది. అక్కడితో ఆగకుండా మాట్లాడింది. ఆందోళనతో బాధపడ్డానని, టోర్నీ పొడుగునా దాదాపు రోజూ ఏడ్చానని, మ్యాచ్‌కి ముందు అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేదాన్నని చెప్పింది. సాటి ఆటగత్తె, మన హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి ముందు కూడా రోజూ ఏడ్చేదాన్నని చెప్పింది. సాయం అడగడం తప్పు కాదంది. ఆమె తలుచుకున్న దేవుడు ఎవరన్నది కొందరికి సమస్య అయింది కానీ, ఆమె మాటని మాత్రం ఎవరూ సంగీతంతో కప్పలేకపోయారు. ఆదివారం అర్ధరాత్రి దాటాక దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో కప్పు గెలిచారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి టోర్నీలో 14 వికెట్లు తీసింది. 2005లో, 2017లో ఫైనల్స్ ఓడిన మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి చేతికి కప్పు అందిస్తే ఝులన్ ఏడ్చేసింది. మా అమ్మా ఏడ్చింది. అమ్మకి క్రికెట్ తెలియదు. "ఆ పిల్లలు ఎంత కష్టపడ్డారో" అంది.

జెమీమా మాట ఎందుకు వినబడిందంటే ఆమె గెలిచింది కాబట్టి. ఆమె రెండు పరుగులకే అవుటై అవే మాటలు అని ఉంటే 'ఆడపిల్లలు ఒత్తిడి తట్టుకోలేరు' అనేవాళ్ళు. గెలిచినా లెక్కలు సమం కాలేదు. మ్యాచ్ ఫీజు 2022లో సమానం చేశారు కానీ, ఆ కప్పు గెలిచిన రోజుకి మగ ఆటగాళ్ళ పై గ్రేడు వార్షిక కాంట్రాక్టు 7 కోట్లు, స్త్రీలది 50 లక్షలు. అయినా ఆమె ఒక పని చేసిపెట్టింది. ఏడుపూ మాటా ఒకే గొంతులో ఉండొచ్చని కోట్లమంది ముందు చూపించింది. మన ఊళ్ళలో రాగాలు తీసే ముసలమ్మలు ఎప్పట్నుంచో చేస్తున్న పనే అది.

ఈ సంగతి మనలాంటివాళ్ళకి కూడా వర్తిస్తుంది. స్త్రీల రచనల మీద వచ్చే విమర్శలో 'ఆర్తి', 'వేదన', 'గుండె తడి' లాంటి మాటలు ఎంత సులువుగా దొర్లుతాయో చూడండి. ఆ కథలో ఎవరు ఎవరికి ఎంత బాకీ, పొలం ఎవరి పేరున ఉంది, కూలి ఎంత అన్న ప్రశ్నలు ఆ తడిలో నానిపోతాయి. అది కూడా ఒక రకం విషాద సంగీతమే. పత్తిచేలో ఆమె చెయ్యి గట్టువైపు చూపిస్తోంది. ఆ గట్టు దాకా వెళ్ళి, ఆ పొలం ఎవరిదో, పరిహారం ఎవరి ఖాతాలో పడిందో కనుక్కుని రాయడం విమర్శకులుగా, పరిశోధకులుగా మన పని అని నేననుకుంటున్నాను. ఆమె కన్నీళ్ళ గురించి ఇప్పటికే చాలామంది రాశారు.